ముసురు దినముల కూలి



వాన వచ్చి పని ఆగిపోయిన దినము ఎవరి లెక్కలో వ్రాయవలెను? పని చేయించువారి లెక్కలోనా, చేయువారి లెక్కలోనా? మొన్నటి శీతకాలము వరకు మేము దీనిని ప్రశ్నగానే ఎంచలేదు. పని జరిగిన దినమునకు కూలి, జరగని దినమునకు లేదు. లోకమందంతట ఉన్న వాడుక ఇదే గదా అనుకొంటిమి. ఒక తోట గోడ మాకు వేరే సంగతి నేర్పెను. అదియు పూర్తిగా నేర్పలేదు.

మాది బాన్సువాడ దగ్గరి పల్లె. 2016 వరకు నిజామాబాదు జిల్లా, ఆ తరువాత కామారెడ్డి జిల్లా. నిజాంసాగరు కాలువ క్రింద వరి పండించుకొనువారము. మా ప్రార్థన మందిరము వెనుక చిన్న తోట ఉన్నది. జామ, మునగ, కరివేపాకు, నాలుగు మడుల కూరగాయలు. దానిమీద వచ్చు సొమ్ము సంఘములోని విధవరాండ్రకు పోవును. ఏటేట కంప నరికి దడి కట్టుచుంటిమి. ఏటేట చెదలు తినుచుండెను, మేకలు దూరుచుండెను, అడవి పందులు దుంపలను పెళ్లగించుచుండెను. కోతుల మాట వేరు, వాటికి యెరికో గోడయైనను లెక్కలేదు. కనుక రాతి గోడ కట్టుదమని సంఘ పెద్దలము కూర్చుండి తీర్మానించితిమి. సొమ్ము ఎక్కడిదనగా, మా స్త్రీలు వంటకు బియ్యము తీసినప్పుడెల్ల ఒక పిడికెడు ప్రక్కన వేసి, ఆదివారమున మందిరమునకు తెచ్చిన బియ్యము అమ్మగా వచ్చినది. ఈ మాట జ్ఞాపకముంచుకొనుడి; తరువాతి వివాదమంతయు దీనిమీదనే నడిచెను.

వానకాలపు వరి కోతలైన పిమ్మట, డిసెంబరులో పని మొదలుపెట్టితిమి. పొలములు ఖాళీగా ఉండును, రాయి తోలుటకు ట్రాక్టరుకు దారి దొరకును, క్రిస్మసు నాటికి ముగియునని మా ఆశ. మేస్త్రియు అతని భార్యయు, పిట్లం వైపునుండి వచ్చిన భార్యాభర్తలు, మరి ఇద్దరు కూలివారు. మేస్త్రి మాకు మొదటి దినముననే చెప్పెను: ఇది నల్లరేగడి, తడిసిన ఉబ్బును, ఎండిన పగులును, కనుక మొరము తగులు వరకు పునాది తీయవలెను. మేము రెండడుగులు చాలుననుకొంటిమి. అతడు నాలుగడుగులు తీయించెను. రాతి గోడ అనునది ఒక గోడ కాదు, రెండు గోడలని అతని దగ్గరనే తెలిసికొంటిమి. ఇటు ఒక ముఖము, అటు ఒక ముఖము, నడుమ రాతి చిప్పల కూరుడు. కొన్ని అడుగులకొకసారి ఈ ముఖమునుండి ఆ ముఖము వరకు పోవు పొడవైన రాయి వేయవలెను. ఆ రాయి లేకపోతే రెండు ముఖములు ఒకదానినొకటి ఎరుగవు. నడుమ కడుపు వచ్చి గోడ విడిపోవును. క్రింది రెండు రాళ్ల సందుమీద పై రాయి కూర్చుండవలెను, సందుమీద సందు రారాదు. ఒక్కొక్క రాయిని త్రిప్పి త్రిప్పి చూచి, అది ఎట్లు పండుకొనగోరునో అట్లే పండబెట్టుచుండెను.

పని నడుముకు వచ్చినప్పుడు బంగాళాఖాతములో వాయుగుండమని రేడియోలో చెప్పిరి. మరునాడే ముసురు పట్టెను. వాన పెద్దది కాదు, ఆగునది కాదు. తూర్పు గాలి, ఎముకలు కొరుకు చలి. ఇంక గోడ లేవని వైపు పునాది గుంట మడుగైపోయెను. కూలివారు తోట మూలను తాడిపత్రి కప్పిన గుడిసెలో నాలుగు దినములు కూర్చుండిరి. మేము మా ఇండ్లలో కూర్చుంటిమి. నాలుగు దినములకు కూలి లేదు. ఎవరును అడుగలేదు, ఎవరమును ఇయ్యలేదు.

అయిదవ దినమున జల్లు కొంచెము సన్నగిల్లెను. మాలో ఒకరు గొడుగు పట్టుకొని పోయి, మబ్బులను చూచుచు కూర్చుండువాడు కోత కోయడని ప్రసంగి గ్రంథములోని తాత్పర్యమును మేస్త్రికి వినిపించిరి. మేస్త్రి, "అయ్యా, తడిమీద తడి పెడ్తే పట్టదు. రెండు రోజులు ఆగుదాం," అనెను. అయితే పిట్లం ఆమె అప్పటికే గోనెసంచి నెత్తిన వేసికొని తట్ట ఎత్తుకొనెను. "ఆగితే మా పొయ్యిల గూడ నీళ్లేనాయె," అని అనెను. మేము ఎవరిని బలవంతము చేయలేదని తరువాత చెప్పుకొంటిమి. నిజమే, చేయలేదు. కూలి లేదన్న మాట మేము ముందే చెప్పియుంటిమి, అది చాలెను.

ఆ రాత్రి, అప్పుడే కట్టిన పండ్రెండడుగుల గోడ కూలిపోయెను. దేవుని దయవలన ఎవరికిని దెబ్బ తగులలేదు. తెల్లవారి మేము చూచుటకు పోయినప్పుడు మాకు మొదట తోచినది యెహెజ్కేలు 13వ అధ్యాయములోని వానకు పడిన గోడ. రెండవది, ఈ నష్టము మేస్త్రి పెట్టుకోవలెననునది. రెండు తలంపులు ఒకదాని ప్రక్కన ఒకటి ఎట్లు పట్టినవో ఇప్పుడు ఆశ్చర్యముగా ఉన్నది.

ఆ వారము సంఘ పెద్దలు రెండుగా చీలిరి. లెక్కలు చూచు పెద్ద చెప్పిన మాట తేలికగా తీసివేయదగినది కాదు. ఇది మన సొమ్ము కాదు, పేదరాండ్ర పిడికెడు బియ్యము. పని జరగని దినములకు దానిని పంచిపెట్టు అధికారము మనకెవరిచ్చిరి అని ఆయన అడిగిరి. మరియొకరు, వాన రైతు చేను పాడుచేసిన రైతుకు కూలి ఎవరిచ్చుచున్నారు అనిరి. ఇదియు సత్యమే, మాలో అనేకులము అట్లు నష్టపోయినవారమే.

ఆ శనివారము సాయంకాల ప్రార్థనలో వరుసగా చదువుచు నెహెమ్యా 5వ అధ్యాయమునకు వచ్చితిమి. యెరూషలేము గోడ 52 దినములలో ముగిసెనని మనమందరము ఎరుగుదుము. ప్రసంగములలో ఎన్నిమారులో వింటిమి. అది ఏలూలు మాసము 25వ దినమున ముగిసెను. ఏలూలు అనగా మన ఆగస్టు, సెప్టెంబరు. ఆ దేశమున అది వాన లేని కాలము, కనుక నెహెమ్యాకు ముసురు బాధ లేదు. అయితే గోడ పని నడుచు 4వ అధ్యాయమునకును, గోడ ముగిసిన 6వ అధ్యాయమునకును నడుమ ఈ అధ్యాయమున్నది. అందులో రాయి మాట లేదు, తిండి మాట ఉన్నది. కరువులో ధాన్యముకొరకు పొలములు కుదువపెట్టి, పిల్లలను దాసులుగా అప్పగించినవారు తమ సహోదరులమీదనే మొరపెట్టిరి. గోడ అయిన తరువాత చూతమని నెహెమ్యా అనలేదు. సభ కూర్చి, పొలములను వడ్డీని తిరిగి ఇప్పించెను. అధిపతిగా తనకు రావలసిన భోజనపు సొమ్మును తాను పుచ్చుకొనలేదు.

వాన సంగతి ఎజ్రా గ్రంథము 10వ అధ్యాయములో ఉన్నది. తొమ్మిదవ నెలలో, అనగా మన నవంబరు డిసెంబరులలో, జనులు వీధిలో కూర్చుండి వానకు వణకిరి. ఇది వర్షకాలము, బయట నిలువలేము అని చెప్పిరి. వారి మాట త్రోసివేయబడలేదు. నిర్ణయ కాలములు ఏర్పరచి పని నడిపిరి.

మా మందిరపు గోడకు మెదకు మహాదేవాలయపు పటము వ్రేలాడుచున్నది. చార్లెస్ వాకర్ పాస్నెట్ దొరగారి కాలమున 1914లో మొదలై, 1924 డిసెంబరు 25న ప్రతిష్ఠింపబడిన ఆలయమది. కరువులో ఆకలిగొన్నవారికి పని కల్పించి తిండి పెట్టుచు కట్టిన గుడియని మా తాతలు చెప్పుచుండిరి, మేమును పిల్లలకు చెప్పుచున్నాము. అక్కడ రాయి కూలివానికొరకు వచ్చెను. మా తోటలో కూలివాడు రాయికొరకు వచ్చెను. మా నీరంతయు వచ్చు నిజాంసాగరు మాటయు ఆ రాత్రి ఎత్తిరి. 1923లో మొదలై 1931లో ముగిసిన ఆ ఆనకట్టకు ఇంజనీరు నవాబు అలీ నవాజ్ జంగు పేరు అందరికిని తెలియును. రాళ్లు మోసినవారి వాన దినముల లెక్క ఎవరు వ్రాసియుందురు?

రైతును కూలివానిని ఒక్కటిగా చూచుట సరికాదని మాకు తోచినది. చేను పోయినను రైతుకు భూమి మిగులును. దినము పోయిన కూలివానికి ఏమియు మిగులదు. ద్వితీయోపదేశకాండము 24వ అధ్యాయములో కూలి ప్రొద్దు గుంకకముందే ఇయ్యవలెనని విధించినది అతడు దానిమీదనే ఆశపెట్టుకొనియున్నందుననే. అంతకంటె ముఖ్యము, డిసెంబరును కోరుకొన్నది మేము. క్రిస్మసు గడువు పెట్టినది మేము. గోడ నిలిచిన మా మనుమల వరకు మాదే. కాలమును ఎంచుకొనినవారు, వస్తువును ఉంచుకొనువారు, వాన నష్టమును మాత్రము మోయమనుట ఏ న్యాయము? 2005లో వచ్చిన ఉపాధి హామీ చట్టములో సహితము, పని అడిగిన 15 దినములలో పని చూపకపోతే భత్యము ఇయ్యవలెనని వ్రాసిరి. ఆ భత్యము ఎందరికి అందినదో వేరే సంగతి.

పిడికెడు బియ్యము మాటకు జవాబు మాకు దొరకలేదు, స్త్రీలే ఇచ్చిరి. వారినెవరును అడుగలేదు గదా అని ఒక విధవరాలు లేచి అడిగెను. ఆ గుడిసెలోని ఆమెకు తాను చాటున రెండు పూటలు గంజి పోసితిననియు, అది ఏ లెక్కలో వ్రాయుదురనియు అడిగెను. పెద్దలము తల వంచుకొంటిమి.

ముసురు దినములకు సగము కూలి ఇయ్యవలెనని, పడిన గోడ ఖర్చు సంఘమే పెట్టుకోవలెనని తీర్మానమయ్యెను. పూర్తి కూలి న్యాయమని కొందరు, సగమును తప్పేనని కొందరు నేటికిని అనుచున్నారు. గోడ సంక్రాంతి తరువాత ముగిసెను. పొడవు రాళ్లు ఈసారి మేమే ఏరి తెచ్చితిమి. మేస్త్రియు తక్కిన కూలివారును సొమ్ము పుచ్చుకొనిరి. పిట్లం భార్యాభర్తలు మాత్రము గోడ కూలిన మరునాడే మూట కట్టుకొని వెళ్లిపోయిరి. హైదరాబాదు పోయిరని ఒకరు, బోధన్ వైపు చెరకు కోతకని ఒకరు చెప్పుచున్నారు. వారి సొమ్ము కవరులో వేసి కానుక పెట్టెలో ఉంచితిమి. ప్రతి నెల లెక్క చూచునప్పుడు దానిని బయటికి తీసి, మరల లోపల పెట్టుచున్నాము.