సోలలో తగ్గిన పిడికెడు

మా అమ్మమ్మ బియ్యం కొలిచే తీరు ఇప్పటికీ కళ్లకు కట్టినట్టే ఉంది. కొట్టుగదిలో పీట వేసుకుని కూర్చునేది. ఇత్తడి సోలతో తలగొట్టి మూడు సోలలు చేటలో పోసేది. రాళ్లు ఏరి, నూక చెరిగి, ఒక్క క్షణం ఆగేది. పెదవులు కదిలేవి కానీ మాట వినిపించేది కాదు. అప్పుడు చేటలోంచి ఒక పిడికెడు తీసి, పొయ్యిగట్టు మీదున్న డాల్డా డబ్బాలో వేసేది. మిగిలినవి కడిగి ఎసట్లో పోసేది. పొద్దున ఒకసారి, సాయంత్రం ఒకసారి. డబ్బా మీద నల్లరంగుతో ‘ప్రభువుది’ అని రాసి ఉండేది. ఆ అక్షరాలు తాతయ్యవి. ఆయన బడిపంతులు కాబట్టి గుండ్రంగా, ముద్దుగా ఉండేవి.

చిన్నప్పుడు నాకు అందులో వింతేమీ కనిపించలేదు. మా పేటలో చాలా ఇళ్లలో అలాంటి డబ్బానో ముంతో ఉండేది. నాకు యాభై దాటాక, నా వంటింట్లో కుక్కర్ గ్లాసు చేత్తో పట్టుకుని నిలబడి ఉండగా ఒక చిన్న లెక్క తట్టింది. అమ్మమ్మ ఆ పిడికెడును సోలలకు పైన పోసేది కాదు. కొలిచిన మూడు సోలల్లోంచే తీసేది. అంటే ఆ పూట ఇంట్లో అంత అన్నం తగ్గేది. మరి ఎవరి కంచంలో తగ్గింది? తాతయ్య కంచంలో తగ్గలేదు. మావయ్యలు మారడిగితే ఏనాడూ లేదనలేదు. సెలవులకొచ్చిన మాకు కొసరి కొసరి వడ్డించేది. అందరూ లేచాక, గిన్నె అడుగు గీరుకుని తినే మనిషి ఆ ఇంట్లో ఒక్కతే. తగ్గింది అక్కడే.

అప్పట్నుంచీ ఆ పిడికెడు నన్ను వదలడం లేదు.

మాది కృష్ణా జిల్లా. 1841లో రాబర్ట్ నోబుల్, హెన్రీ ఫాక్స్ బందరులో దిగిన దగ్గర్నుంచీ ఆ పక్క చర్చ్ మిషనరీ సొసైటీ (సి.ఎం.ఎస్.) మిషన్ పాతుకుపోయింది. అమ్మమ్మ పుట్టిన 1934 నాటికి మా ఊళ్లు దోర్నకల్ డయాసిస్ కింద ఉండేవి. అక్కడి బిషప్పు వి.ఎస్. అజరయ్య. 1912లో అభిషేకం పొందిన ఆయనే ఆంగ్లికన్ సంఘంలో మొట్టమొదటి భారతీయ బిషప్పు. ఎడ్లబండి మీద ఊరూరూ తిరిగేవాడు. కొత్తగా బాప్తిస్మం తీసుకున్నవాళ్ల చెయ్యి వాళ్ల నెత్తి మీదే పెట్టించి, ఈ సువార్త ఇంకొకరికి చెప్పకపోతే నాకు శ్రమే అని ఒట్టు పెట్టించేవాడు. మగవాళ్లకూ ఆడవాళ్లకూ ఒకటే ఒట్టు. అమ్మమ్మ వాళ్లమ్మ అలా నెత్తిన చెయ్యి పెట్టుకున్న మనిషేనట. ఆమెకు చదువు రాదు. కూతురికి వచ్చింది. మా అమ్మమ్మ ఇంట్లో అచ్చుపుస్తకాలంటే మొదట రెండే: బైబిలు, ఆంధ్ర క్రైస్తవ కీర్తనలు. అక్షరాలు నేర్చుకున్నదీ ఆ రెంటిలోనే.

అయితే ఆ ఒట్టులో ఒక చిక్కుంది. చెప్పమన్నారు సరే, ఆడమనిషి ఎక్కడ నిలబడి చెప్పాలి? మా గుళ్లో ప్రసంగపీఠం ఎక్కేది అయ్యగారు. ఆయన ఊళ్లో లేని ఆదివారం ఎక్కేది తాతయ్య. అమ్మమ్మకు ఆడవాళ్లు కూర్చునే ఎడమవైపు చాప ఉంది. నోటికి చోటు లేకపోయేసరికి ఆ పని చేతులకు పడింది. శనివారం సాయంత్రం గుడి ఊడ్చి చాపలు పరిచేది. సంస్కారపు బల్ల మీది తెల్లగుడ్డ ఉతికి, గంజి పెట్టి, మడత నలగకుండా రెండు చేతుల మీద మోసుకెళ్లేది. స్త్రీల మైత్రికి ఏళ్ల తరబడి కార్యదర్శి. బాలింత ఇంటికి మిరియాల చారు, భూస్థాపన జరిగిన ఇంటికి మూడు రోజులూ క్యారేజీ ఆమే పంపేది. వంటపనిలో మునిగిన మార్త కన్నా, ప్రభువు పాదాల దగ్గర కూర్చుని విన్న మరియ మిన్న అని ఒక ఆదివారం గంటసేపు ప్రసంగించిన అయ్యగారికి ఆ మధ్యాహ్నం కోడికూర వండి పెట్టింది మా అమ్మమ్మే. ఆ సంగతి ఆయనకూ తట్టలేదు, ఆమెకూ తట్టలేదు.

అపొస్తలుల కార్యములు 9వ అధ్యాయంలో దొర్కా కథ ఉంది. యొప్పే పట్టణంలో బీదలకు బట్టలు కుట్టి ఇచ్చే మనిషి. ఆమె చనిపోయినప్పుడు పేతురు వస్తే, విధవరాళ్లు ఏడుస్తూ ఆమె కుట్టిన అంగీలూ వస్త్రాలూ తెచ్చి చూపిస్తారు. ఆమె ఆడిన మాట ఒక్కటి కూడా ఆ కథలో లేదు. ఉన్న సాక్ష్యమంతా కుట్టు. మా పేటను అమ్మమ్మ గురించి సాక్ష్యం చెప్పమంటే, వాళ్లూ క్యారేజీ గిన్నెలే చూపించాలి.

డబ్బా నిండినప్పుడల్లా ఆదివారం పూట గుళ్లో గంపలో పోసేది. కోతపండుగ రోజున ఆ బియ్యమంతా గుట్టపోసి, గుమ్మడికాయలూ, అరటిగెలలూ, కాళ్లు కట్టేసిన పుంజులూ వరసగా పెట్టి వేలం పాట పెట్టేవాళ్లు. పాడేది మగవాళ్లు. ‘ఒకటోసారి, రెండోసారి’ అనేది మగవాళ్లు. పద్దు రాసేదీ వాళ్లే. ఒక ఏడాది ఆ పుస్తకంలోకి తొంగిచూశాను. పిడికెడు బియ్యం పద్దు కింద మా ఇంటికి ఎదురుగా తాతయ్య పేరుంది. రసీదూ ఆయన పేరునే. అమ్మమ్మ దాన్ని మడిచి కీర్తనల పుస్తకంలో పెట్టుకుంది. ముఖంలో ఏ తేడా లేదు. అది తేడా పడాల్సిన విషయమని నాకూ అప్పుడు తెలియదు.

2009లో ఆమె పోయింది. నాలుగేళ్ల తర్వాత, 2013లో, నంద్యాల డయాసిస్‌కు ఇ. పుష్పలలిత గారు బిషప్పు అయ్యారు. దక్షిణ ఇండియా సంఘంలో (సి.ఎస్.ఐ.) ఆ పీఠం ఎక్కిన మొదటి స్త్రీ. ఆ వార్త చదివినప్పుడు నాకు ముందుగా గుర్తొచ్చింది ఎడమవైపు చాప.

అమ్మమ్మ పోయినప్పటి జ్ఞాపకార్థ కూడికలో అయ్యగారు సామెతలు 31వ అధ్యాయం తీశారు. తల్లుల కూడికల్లో తీసేది దాదాపు అదే. గుణవతి అయిన భార్య గురించి 10వ వచనం నుంచి 31వ వచనం దాకా, మొత్తం 22 వచనాలు. హెబ్రీ అక్షరాలూ 22. మనం అ ఆ ఇ ఈ వరసలో పద్యాలు కట్టినట్టు, ఒక్కో అక్షరంతో ఒక్కో వచనం మొదలవుతుంది. అయ్యగారు ఆమె చీకటితోనే లేవడం దగ్గర, దీపం ఆరకపోవడం దగ్గర చాలాసేపు ఆగారు. ఇంటికొచ్చి ఆ అధ్యాయం నేనూ తీశాను. అందులో ఆమె పొలం చూసి కొంటుంది. తన సంపాదనతో ద్రాక్షతోట వేస్తుంది. నారబట్టలు నేయించి వర్తకులకు అమ్ముతుంది. ఇంట్లో పనికత్తెలున్నారు. చివరి వచనం పొగడ్తతో సరిపెట్టుకోదు. ఆమె చేతులు సంపాదించిన ఫలం ఆమెకు ఇవ్వమంటుంది. కూలి లెక్క తేల్చమంటుంది. ఆ వచనం దగ్గర ఎవరూ ఎక్కువసేపు ఆగగా నేను వినలేదు.

ఆ కూడికలో అందరి నోటా ఒకటే మాట: త్యాగమూర్తి. నేనూ లేచి సాక్ష్యం చెబుతూ అదే మాట అన్నాను, కళ్లనీళ్లతో. ఇప్పుడు ఆ మాట వెనక్కి తీసుకోవాలనిపిస్తోంది.

త్యాగం చెయ్యాలంటే వస్తువు ముందు తనదై ఉండాలి కదా. ఎకరం చెక్క తాతయ్య పేరున ఉంది. జీతం తాతయ్యది. తెల్లవారుజాము నిద్ర ఆమెదని ఎవరూ ఎప్పుడూ అనుకోలేదు. వేడన్నం ఆమెదని ఎవరూ అనుకోలేదు. కూతుళ్ల పురుళ్లకూ, కొడుకుల ఫీజులకూ గాజులు పోయాయి. అడిగి తీసుకున్నారో, అడక్కుండా తీసుకున్నారో ఇప్పుడు ఎవరికీ గుర్తు లేదు. ఇవన్నీ మేం తీసుకున్నవి. పోయాక వాటన్నిటినీ ఆమె ఇచ్చిన ఖాతాలో రాసేశాం. పేరేమో త్యాగం. తీసుకున్నవాళ్లకు ఇంత సుఖమైన మాట ఇంకోటి లేదు.

మరి ఆ పిడికెడు? దాన్నీ ఇదే ఖాతాలో వెయ్యాలా? ఇక్కడ మా అమ్మ చెప్పిన ఒక సంగతి అడ్డమొస్తుంది.

ఏదో నెలాఖరు. మిట్టమధ్యాహ్నం ఏలూరు నుంచి ముగ్గురు చుట్టాలు దిగారు. బియ్యం అడుగంటాయి, సోల గాదె అడుక్కి తగిలి ఖంగుమంది. తాతయ్య వంటింటి గుమ్మంలోకొచ్చి, “ఆ డబ్బాలోవి పోసెయ్యవే, జీతాలు రాగానే కలిపేద్దాం” అన్నాడట. అమ్మమ్మ కొంగు బిగించి, “పక్కింట్లో చేబదులు తెస్తాను. దాని జోలికి రాకండి” అంది. తాతయ్యకు కోపమొచ్చింది. చుట్టాల ముందు పరువు. అప్పుడు ఆమె గొంతు పెంచకుండానే అన్న మాట మా అమ్మకు అక్షరం పొల్లుపోకుండా గుర్తుంది: “ఈ ఇంట్లో ఉన్నవన్నీ మీవి. ఆ డబ్బా ఒక్కటే నాది.”

“ప్రభువుదని రాసుంటే నీదంటావేంటే?”

“నేనిస్తేనేగా ఆయనదయ్యేది.”

ఎన్ని ప్రసంగాలు విన్నానో కానీ, ఇవ్వడం గురించి ఇంత సూటిగా ఎవరూ చెప్పగా వినలేదు. దేవుడికి ఇవ్వాలన్నా ముందు ఒకటి నాదవ్వాలి. ఆ ఇంట్లో ఆమె యజమానురాలిగా ఉన్న చోటు పిడికెడు. ఆ పిడికిలి విప్పడానికి ఆమెకు ఎవరి అనుమతీ అక్కర్లేదు. భక్తి అంటే అణకువే అని మాకు నేర్పారు. అమ్మమ్మ భక్తిలో అణకువ ఎంతుందో, ఎవరి మాటా చెల్లని ఒక మూల కూడా అంతే ఉంది. ఆ మూలను ఆమె దేవుడి పేరుతో కాపాడుకుందా, దేవుడి కోసం కాపాడిందా అని విడదీయడం నా వల్ల కాలేదు. బహుశా ఆమెకు ఆ రెండూ ఒకటే.

మొన్న నా పిడికెడు బియ్యం వంటింటి కాటాలో తూచాను. 40 గ్రాములు. రోజుకు రెండు పూటలు, ఏడాదికి 29 కిలోలు. 1951లో పెళ్లయిన దగ్గర్నుంచి 2009 దాకా 58 ఏళ్లు. దాదాపు 17 క్వింటాళ్లు. 75 కిలోల బస్తాలైతే ఇరవై రెండు దాటుతాయి. మిజోరంలో 1910లో ఆడవాళ్లు ఇలాగే పూటకో పిడికెడు తీసిపెట్టడం మొదలుపెడితే, అది అక్కడి సంఘాలకు పెద్ద రాబడి అయింది. చిన్నదని అనుకోవడానికి ఏమీ లేదు.

కానీ ఆ ఇరవై రెండు బస్తాలూ ఒక ఒంట్లోంచి వచ్చాయన్నది కూడా నిజం. ఎప్పుడు ఆసుపత్రికి తీసుకెళ్లినా డాక్టరమ్మ కనురెప్ప కిందికి లాగి చూసి, రక్తం తక్కువ అనేది. బెల్లం తినమనేది, ఆకుకూర తినమనేది. అమ్మమ్మ తలూపేది. ఇంటికొచ్చి ఆకుకూర మాకు వండేది. ఆమె ఇచ్చింది స్వేచ్ఛగానే. కానీ తన కంచంలోంచి తప్ప ఇంకెక్కడి నుంచీ ఇవ్వలేని పరిస్థితి ఆమె ఎంచుకున్నది కాదు. మొదటిదానికి దండం పెడతాను. రెండోదానికి పెట్టను.

కూడిక అయిన మర్నాడు పొద్దున అత్తయ్య కొట్టుగదిలో కూర్చుంది. అదే పీట, అదే సోల. తలగొట్టి మూడు సోలలు పోసింది. ఆ తర్వాత గాదెలో మళ్లీ చెయ్యి పెట్టి ఇంకో పిడికెడు తీసి చేటలో వేసింది. రాళ్లు ఏరి, కళ్లు మూసుకుని, చేటలోంచి పిడికెడు తీసి డాల్డా డబ్బాలో వేసింది. నేను గుమ్మంలో నిలబడి చూస్తున్నాను. అప్పుడు నాకు ఆ పైపిడికెడు అర్థం కాలేదు. సోల లెక్క తట్టాక, కిందటేడు ఊరెళ్లినప్పుడు అడిగాను.

“మీ అమ్మమ్మంత గుండె నాకు లేదమ్మా” అంది నవ్వుతూ. “ప్రభువుది ప్రభువుకిస్తాను. నా అన్నం నేను తింటాను. ఆయనేమైనా అనుకుంటాడంటావా?”

అనుకోడనే చెప్పాను. అత్తయ్య గంజి వార్చి, మూతపెట్టి, నాకూ తనకూ మావయ్యకూ కంచాలు ఒక్కసారే పెట్టి మాతోపాటు కూర్చుంది. అన్నం పొగలు కక్కుతోంది. అమ్మమ్మ వేడన్నం తింటుండగా చూసిన రోజు ఒక్కటైనా గుర్తొస్తుందేమోనని ఆ పూటంతా వెతుక్కున్నాను.