ప్రయాణం ఎవరిది?

రోహిణి కార్తె ఎండలకి బందరు రోడ్డు మీద తారు మెత్తబడే రోజుల్లో, వెనకటికి బెజవాడ తల్లులు పిల్లల్ని అమ్మమ్మగారి ఊరు పంపించేసేవారు. ఉయ్యూరో, అవనిగడ్డో, కైకలూరో. మామిడిపళ్ళు, తాటిముంజెలు, ఆరుబయట నులకమంచాలు. మీకు ఎక్కడికి వెళ్ళాలనుందిరా అని ఎవరూ అడిగిన పాపాన పోలేదు. కాకపోతే వెళ్ళాక వాళ్ళ మానాన వాళ్ళని వదిలేసేవారు.

ఇప్పుడు వేసవి సెలవులకి యూరప్ వెళ్ళేవాళ్ళు మన వీధుల్లోనే కనిపిస్తున్నారు. అమెరికా అంటే సరే, అక్కడ ఎవరో ఒకరి పురుడు పొయ్యడానికైనా వెళ్ళాలి. యూరప్ ప్రయాణానికి అలాంటి సాకు కూడా లేదు. కేవలం చూడ్డానికే వెళ్ళాలి. అందుకే కాబోలు, చూసి సంతోషించే బాధ్యత కూడా మనతో పాటే విమానం ఎక్కుతుంది.

మా ఎరికలో ఒకావిడ ఉంది. అమ్మాయి పదో తరగతి పరీక్షలు రాసింది, అబ్బాయి హాస్టల్లో ఉండి జూనియర్ ఇంటర్ పూర్తిచేశాడు. ఏడేళ్ళు చీటీలు కట్టి, నగలు చేయించుకోవడం వాయిదా వేసి, నలుగురూ కలిసి యూరప్ చూసి రావాలని డబ్బు కూడబెట్టింది. తీరా చెబితే అబ్బాయి "నేను రానమ్మా, మీరు వెళ్ళి రండి" అన్నాట్ట. "వదినా, ఇంత కృతఘ్నత ఉంటుందా?" అని కళ్ళనీళ్ళు పెట్టుకుంది.

ఉంటుందా? ఆ మాట అక్కడ తగునా అని నాకు అనుమానం. ఆ పిల్లవాడు ఏడాదంతా తెల్లవారుజామున గంట కొడితే లేచి, మళ్ళీ గంట కొడితే తిని, మూడో గంటకి చదువుకుని వచ్చాడు. ఆ చదువుల సంగతి బెజవాడ వాళ్ళకి వేరే చెప్పాలా? వాడికి దొరికేవి నాలుగు రోజుల సెలవులు. వాడు చూడాలనుకుంటున్నది ఈఫిల్ టవర్ కాదు, తన గదీ, తన మంచమూ. ఆవిడ తెచ్చిన టూరు కాగితం నేనూ చదివాను. పది రోజులు, ఆరు దేశాలు. తెల్లవారకుండానే పెట్టెలు గుమ్మం బయట పెట్టాలి, ఇన్నింటికి ఫలహారం, ఇన్నింటికి బస్సు. హాస్టల్ టైంటేబులుకీ దీనికీ తేడా ఏమిటో మీరే చెప్పండి!

అలాగని ఆవిడ బాధ ఉత్తిదని అనను. వచ్చే ఏడాది ఎంట్రన్సు పరీక్షలు. ఆ పైన వాడు ఏ ఊళ్ళో ఇంజనీరింగులో చేరతాడో, నలుగురూ కలిసి మళ్ళీ ఎప్పుడు బయల్దేరతారో ఎవరికి తెలుసు? ఆవిడ కొనుక్కుంటున్నది టిక్కెట్లు కాదు, పిల్లలతో గడిపే ఆఖరి వేసవి. ఆ మాట కొడుకుతో చెప్పావా అని అడిగితే, "చెప్పలేదు, డబ్బు సంగతే చెప్పాను" అంది.

డబ్బు సంగతి పిల్లలకి చెప్పాలా వద్దా అన్నది ఇంకో పేచీ. చెప్పకపోతే డబ్బులు చెట్లకి కాస్తున్నాయనుకుంటారు. చెబితే అదో బరువు. నాకు తోచేది ఏమిటంటే, అంతా ఎప్పుడు చెప్పామన్న దాని మీద ఉంటుంది. బయల్దేరకముందు, కాగితం మీద వేసి, ఇంత ఉంది, ఇందులో ఏం చేద్దాం అని అడిగితే అది లెక్క. స్విట్జర్లాండులో మంచుకొండ ముందు నిలబెట్టి, "ఇంత పోసి తీసుకొస్తే ఫోను చూసుకుంటావేమిరా" అంటే అది దెప్పు. రూపాయి అదే, మాటా ఇంచుమించు అదే. మొదటిది పిల్లవాణ్ణి మనిషిని చేస్తుంది, రెండోది బాకీదారుణ్ణి చేస్తుంది.

నిజానికి వాణ్ణి ఇంకా పసివాడిగా లెక్కేసేది మనమే. 2024 జూన్ నుంచి షెంజెన్ వీసా రుసుము 90 యూరోలు. ఆరేళ్ళు నిండి పన్నెండు నిండని పిల్లలకి అందులో సగం. పన్నెండు దాటితే పూర్తిగా కట్టాలి, వేలిముద్రలూ ఇవ్వాలి, విమానంలోనూ పూర్తి టిక్కెట్టే. కనీసం 30,000 యూరోల వైద్యబీమా అందరికీ ఉండాలి. మైనరు దరఖాస్తు మీద మాత్రం తల్లిదండ్రులు సంతకం పెట్టాలి. అన్ని కాగితాల్లోనూ నీకు రావడం ఇష్టమేనా అని పిల్లవాణ్ణి అడిగే గడి ఒక్కటీ ఉండదు. పాపం, ఎంబసీ వాళ్ళు ఎలా అడుగుతారు? అది ఇంట్లో అడగవలసిన ప్రశ్న.

ఏనుగుల వీరాస్వామయ్యగారు 1830 మే 18న చెన్నపట్నం నుంచి సుమారు వందమంది పరివారంతో కాశీకి బయల్దేరి, 1831 సెప్టెంబరు 3న తిరిగొచ్చారు. ఆయన 'కాశీయాత్ర చరిత్ర' 1838లో అచ్చయింది. ఆ పుస్తకం మూలంగా దారిలో ఆయన చూసిందంతా మనకి తెలుసు. వెంట నడిచిన మిగతావాళ్ళ మనసులో ఏముందో మాత్రం తెలియదు. పూర్వకాలం కదా అని సరిపెట్టుకుంటాం. మరి ఇప్పటి ఫొటోల ఆల్బంలో, నాన్న నవ్వమంటే నవ్విన పిల్లల సంగతి?

"ఇక్కడి అమరావతి చూడలేదు గానీ యూరప్ ఎందుకమ్మా" అనే పెద్దవాళ్ళూ ఉంటారు. ఇది దాని ముందు అది చూడాలని రూలేమీ లేదు. కానీ తమాషా ఏమిటంటే, బెజవాడకి నలభై కిలోమీటర్లు కూడా లేని అమరావతి స్తూపం శిల్పాల్లో కొన్నింటిని చూడాలన్నా లండన్ వెళ్ళవలసి వస్తుంది. 1880లో బ్రిటిష్ మ్యూజియం చేరిన పలకలు అక్కడ అద్దాల వెనక ఉన్నాయి. లండన్‌కి షెంజెన్ వీసా చెల్లదు, వేరే తీసుకోవాలి. మన రాళ్ళని చూడ్డానికి వేరే వీసా! అవి అక్కడెందుకున్నాయని పిల్లలు అడుగుతారు, అడగాలి కూడా. 'మోనాలిసా' ముందు గుంపులో మునివేళ్ళ మీద నిలబడి, రెండు మూరల ఎత్తు కూడా లేని ఆ బొమ్మని చూసి రావడం కన్నా ఈ ప్రశ్న నయమని నా ఉద్దేశం.

ఇంతకీ ఆవిడ సంగతి. రానన్న పిల్లవాణ్ణి రమ్మనే హక్కు తల్లికి ఉందా? ఉందనే నేనంటాను. మేనత్త కూతురి పెళ్ళికి రానంటే ఊరుకుంటామా? నలుగురితో పాటు కదలడం ఇంట్లో పుట్టినందుకు కట్టే శిస్తు. కానీ వచ్చినవాడు మురిసిపోవాలని కోరే హక్కు మాత్రం లేదు. రమ్మన్నందుకు, ఎక్కడికి, ఎన్నాళ్ళు అన్నదాంట్లో వాడికీ మాట ఉండాలి.

చివరికి ఆ ఇంట్లో నలుగురూ కాగితం ముందు కూర్చున్నారు. ఆవిడ మొదట దాచుకున్న మాట కూడా చెప్పింది. ఆరు దేశాలు రెండయ్యాయి. అమ్మాయి ఆమ్‌స్టర్‌డామ్‌లో ఆన్ ఫ్రాంక్ దాక్కున్న ఇల్లు చూడాలంది. తనకన్నా చిన్నది, పదమూడో పుట్టినరోజుకి డైరీ అందుకున్న పిల్ల ఇల్లు. టూరు కాగితంలో అది లేదు. టిక్కెట్లు ముందుగా ఆన్‌లైన్‌లోనే కొనాలని కనుక్కున్నదీ ఆ అమ్మాయే. అబ్బాయి ఒకటే అడిగాడు: మొదటి వారం ఇంట్లోనే ఉంటాను, అక్కడ కూడా రోజు విడిచి రోజు పొద్దున్న తొమ్మిదిదాకా ఎవరూ నన్ను లేపకూడదు. వాళ్ళ నాన్న కాసేపు గునిశారు గానీ ఒప్పుకున్నారు.

ప్యారిస్ మెట్రోలో ఎక్కడ దిగాలో చూసి చెప్పేది ఎలాగూ ఆ పిల్లలే. పెద్దవాళ్ళు వాళ్ళ చొక్కా పట్టుకుని నడవాల్సిందే. ఆవకాయ సీసాకి పాత చీర గుడ్డలు చుట్టి, పక్కనే నెయ్యి డబ్బా పెట్టబోతుంటే, పాలతో చేసినవేవీ బయట దేశాల నుంచి ఆ దేశాల్లోకి తీసుకెళ్ళనివ్వరని చెప్పి తీయించింది కూడా, రానన్న ఆ అబ్బాయేనట.