ధూళిలో దాగిన సూచన



భూమ్యాకాశాల సృష్టిని గురించి యోచించమని దివ్య ఖుర్‌ఆన్ మనల్ని పదే పదే ఆహ్వానిస్తుంది. అటువంటి యోచనకు తగిన ఒక విషయాన్ని ఈ రోజు తీసుకుందాం.

మనకు సుమారు 370 కాంతి సంవత్సరాల దూరంలో పి.డి.ఎస్. 70 అనే నక్షత్రం ఉంది. గోల్కొండను కుతుబ్‌షాహీలు ఏలుతున్న రోజుల్లో అక్కడ బయలుదేరిన వెలుగు ఇప్పుడు మనల్ని చేరుతోంది. ఆ నక్షత్రం వయస్సు దాదాపు 50 లక్షల సంవత్సరాలు. మన సూర్యునికి 460 కోట్ల సంవత్సరాలు. ఆ లెక్కన అది పసిబిడ్డ! దాని చుట్టూ వాయువు, ధూళి పెద్ద పళ్ళెంలా పరుచుకొని తిరుగుతున్నాయి. ఆ పళ్ళెం నడుమనున్న ఖాళీలో రెండు గ్రహాలు ఇంకా రూపుదిద్దుకుంటున్నాయి. చిలీ దేశంలోని వెరీ లార్జ్ టెలిస్కోప్‌తో మొదటి గ్రహాన్ని 2018లో, రెండవ దానిని 2019లో గుర్తించారు.

2021లో మరో విశేషం స్పష్టమైంది. రెండవ గ్రహానికి తనదంటూ వేరే ధూళి పళ్ళెం ఉంది! దాని వెడల్పు భూమికీ సూర్యునికీ మధ్యనున్నంత దూరం. మన చందమామ వంటివి మూడు తయారు కావడానికి అందులోని పదార్థం సరిపోతుందని శాస్త్రజ్ఞుల అంచనా.

దీన్ని ఎలా చూడగలిగారు? మామూలు వెలుగును ధూళి అడ్డుకుంటుంది. కాని ఆ చల్లని ధూళి రేణువులు తామే మిల్లీమీటరు తరంగాలను వెలువరిస్తాయి. గాలిలోని తేమ ఆ తరంగాలను మింగేస్తుంది. అందుకే అటకామా ఎడారిలో, 5000 మీటర్ల ఎత్తున, 66 యాంటెన్నాలతో ‘ఆల్మా’ అనే పరిశీలనా కేంద్రాన్ని నెలకొల్పారు. తెరగా నిలిచిన ధూళే చివరకు సాక్ష్యం చెప్పింది.

ఇటువంటి వార్త రాగానే, “ఇదంతా మన గ్రంథంలో ముందే ఉంది” అని సంబరపడేవారు ఉన్నారు. సోదరులారా! శాస్త్రజ్ఞుల అంచనాలు రేపు మారవచ్చు. మారే అంచనాకు మారని దైవవాక్కును ముడిపెట్టడం వివేకం కాదు. అల్లాహ్ గ్రంథానికి టెలిస్కోపు ఇచ్చే ధ్రువపత్రం అవసరం లేదు. సూచనలను చూసి మనం వినమ్రులం కావాలి. అదే మన నుండి కోరబడుతున్నది.

మరి ఇందులో మనకున్న పాఠం ఏమిటి? తలచిన క్షణంలో సృష్టించగల ప్రభువు ఒక గ్రహాన్ని లక్షల సంవత్సరాలపాటు, రేణువు రేణువుగా, అంచెలంచెలుగా రూపొందిస్తున్నాడు. మనమో, పదిహేనేళ్ళ కుమారుడు నాలుగు రోజులు నమాజుకు బద్ధకిస్తే చాలు, “వీడిక బాగుపడడు” అని తీర్పు చెప్పేస్తాం. నిన్న తౌబా చేసిన మనిషిని అతని పాత తప్పులతోనే కొలుస్తాం. ఇంకా తయారవుతున్న దానిపై ధూళి ఉండదా? ఆ ధూళినే చూసి ముఖం తిప్పుకుంటే లోపల రూపుదిద్దుకుంటున్నది మనకెలా కనిపిస్తుంది?

మొదటి మానవుడు కూడా మట్టి నుండే సృష్టించబడ్డాడని మరువకండి. మట్టితో పుట్టినవానికి గర్వం తగదు. నిరాశ అంతకన్నా తగదు.

అల్లాహ్ మనకు చూసే కళ్ళను, యోచించే హృదయాలను, తోటివారి పట్ల సహనాన్ని ప్రసాదించుగాక! ఆమీన్.