దానమునకు కొలత యేది?

ఆపదలోనున్నవానికి చేయి యందించుట ధర్మమని పెద్దలందరును చెప్పినారు. అందు వివాదము లేదు. అయితే మంచి దానమని దేనినిబట్టి నిర్ణయింపవలెను? ఇచ్చినవాని త్యాగమును బట్టియా? ఇచ్చిన వస్తువు విలువను బట్టియా? లేక పుచ్చుకొన్నవాడు తరువాత ఎట్లు బ్రదికెనను దానిని బట్టియా? ముప్పదియేండ్లకు పైగా లెక్కలు వ్రాసి విశ్రాంతి పొందిన నాకు ఈ ప్రశ్న పుస్తకములవలన కలుగలేదు, తుపానువలన కలిగినది.

1999 అక్టోబరులో ఒడిశా తీరమును రెండు తుపానులు తాకినవి. 17వ తేదీనాటిది మన గంజాం జిల్లాను దెబ్బతీసినది. 29వ తేదీన పారాదీపు వైపు వచ్చిన మహాతుపాను ఎరసమ ప్రాంతమున సముద్రమును ఊళ్లమీదికి తెచ్చినది. సుమారు పదివేలమంది మరణించిరి.

మొదటి తుపాను తరువాత మేము కొందరము పాత బట్టలు, బియ్యము పోగుచేసి, గోపాల్పూరు సమీపమున తెలుగు మాటలాడు జాలరిపల్లె యొకదానికి కొనిపోయితిమి. దాతల పట్టిక వ్రాయుట నా వంతు. చక్కని దస్తూరితో వ్రాసి కొంత గర్వపడితిని. అచట నొక ముసలమ్మ తన కిచ్చిన చీరను మడిచి నా చేతిలో పెట్టి, "సీర తరవాత సూద్దుం బాబూ, వలకు దారం ఇప్పించండి" అన్నది. మా మూటలలో దారము లేదు. ఏమి కావలెనని మేమెవ్వరమును అడిగియుండలేదు. నా పట్టికలో ఇచ్చినవారి పేర్లన్నియు నున్నవి. పుచ్చుకొన్నవారి పేరొక్కటియు లేదు.

గాలి యందరికి నొక్కటే. మేడవానికి కిటికీ పోవును. గుడిసెవానికి సర్వస్వము పోవును. హెచ్చరిక విన్నను పేదవాడు ఇల్లు కదలడని మనము నిందింతుము. పడవ, వల, రెండు మేకలు, ఇవియే అతని జీవితకాలపు కూడబెట్టు. మన కూడబెట్టంతయు ఇసుకమీద నున్నచో మనము మాత్రము కదలుదుమా? కావున ప్రాణమును కాపాడదలచినవాడు బ్రదుకుతెరువును కూడ కాపాడవలెను.

ఈ పాఠమును ఒడిశా కొంతవరకు నేర్చినది. ఆ యేడే విపత్తుల పనికై ప్రత్యేక సంస్థ యేర్పడినది. తీరమున తుపాను ఆశ్రయ భవనములు లేచినవి. మామూలు రోజులలో వానియందు బడులు నడచుచున్నవి. గ్రామ యువకులు శిక్షణ పొందిరి. 2013 అక్టోబరు 12న ఫైలిన్ తుపాను గోపాల్పూరు వద్దనే తీరము దాటినది. ముందుగా సుమారు పదిలక్షలమందిని తరలించుటచే మృతుల సంఖ్య పదులలో ఆగినది. 2020లో గంజాం జిల్లాలోని వెంకట్రాయిపురము, జగత్సింగ్‌పూరు జిల్లాలోని నోలియాసాహి సునామీకి సంసిద్ధ గ్రామములుగ యునెస్కో గుర్తింపు పొందినవి. ఒడియావారు నోలియా లనునది తెలుగు తీరమునుండి వచ్చిన జాలరులనే. వారు మనవారు.

అట్లని ఆకలిగొన్నవానికి పెట్టు పిడికెడు బియ్యము తక్కువదని నేననను. రేపటి భవనము నేటి ఆకలి తీర్చదు. ఫైలిన్‌లో ప్రాణములు దక్కినను ఇండ్లు, పంటలు దక్కలేదు. అప్పు మిగిలినవానికి పని సగమే యైనది. కాని జాలి తుపాను వెనుకనే వచ్చును. వివేకము ముందే రావలెను. ఎండకాసిన నెలలో ఇచ్చు రూపాయికి చప్పట్లుండవు, అయినను ఫలము దానికే యెక్కువ.

మన సంఘము ఏటేట కొంత సొమ్ము ఇందులకై వేరుచేసి, మొదట ఆ పల్లెలకు పోయి, ఏమి కావలెనని అడుగుగాక. మరల గాలి లేచిననాడు వారు మన మూటలకై యెదురుచూడక, పొరుగువానిని కూడ వెంటబెట్టుకొని ఆశ్రయమునకు నడచినచో, మన దానము సరిపోయినదని నేను లెక్క మూసెదను.