భాండీరవటము చెంత ఆట

శ్రీమద్భాగవతము దశమస్కంధము 18వ అధ్యాయమున బలరామకృష్ణులు గోపబాలురతో రెండు పక్షములై ఆడిన ఆట యొకటి కలదు. ఓడినవారు గెలిచినవారిని వీపున మోసికొని భాండీరకమను మఱ్ఱిచెట్టు వఱకు పోవలెను. ఆనాడు కృష్ణుని పక్షము ఓడినది. జగములను మోయు స్వామి శ్రీదాముని మోసెను. ప్రలంబాసుర వధగా ఈ కథను మనమెన్నిమార్లో వినియుందుము. శ్రీదాముని బరువును గూర్చి యోచించువారు అరుదు.

కలిసి ఆడినంతనే పిల్లలలో చెలిమి కలుగునా? ఈ సంశయము నాకు గ్రంథములు చదువుచుండగా కలిగినది కాదు. నేను సంస్కృతోపాధ్యాయుడనై యున్న దినములలో ఒక కార్తికమాసమున 6, 7, 8 తరగతుల బాలురను వనభోజనమునకు తోడ్కొని పోయితిమి. ఉసిరిచెట్టు క్రింద పూజ ముగిసినది. వంట అగువఱకు కబడ్డీ ఆడుదుమనిరి. బలిష్ఠులైన ఇరువురు నాయకులై ఒక్కొక్కరిని తమ తమ పక్షములకు పిలుచుకొనిరి. తుదకు ఆఱవ తరగతి బాలుడొకడు మిగిలెను. "వీనిని నీవు తీసికో" అని ఒకడు, "నాకు వలదు, నీవే తీసికో" అని వేఱొకడు. వాడు మాఱుపలుకక పోయి చెప్పుల ప్రోగు వద్ద కూర్చుండెను. నేను చూచితిని. చూచి, "మంచిది నాయనా, కావలి కాయుట కూడ సేవయే" అంటిని. ఎంత సుళువుగా వచ్చినదా మాట! సేవ యనునది కోరి చేయునది. త్రోసివేయబడినవానికి ఆ పేరు తగిలించుట నా సోమరితనమునకు నేను వేసికొన్న ముసుగు. పిదప అందఱును ఒకే పంక్తిని కూర్చుండి ఒకే పులిహోర తినిరి. వాని విస్తరిలో మాత్రము వడ్డించినది వడ్డించినట్లే యుండెను.

ప్రలంబుడును గోపవేషమున కృష్ణుని పక్షమున చేరినవాడే. ఓడి, నియమము చొప్పున బలరాముని వీపున కెత్తుకొన్నవాడే. దింపవలసిన చోట దింపక ఎత్తుకొని పోయెను. కావున ఒక్క మైదానమున నిలుచుట చెలిమి కాదని వ్యాసులవారు ఆ ఆటలోనే చూపినారు.

మఱి 13వ అధ్యాయమున యమునాతీరపు ఇసుకతిన్నెపై చల్దులారగించు ఘట్టము చూడుడు. కృష్ణుని చుట్టును వలయములుగా కూర్చుండి, ఎవరి చిక్కములోని రుచిని వారు ఇతరులకు చూపుచు నవ్వులాడుచున్నారు. ఇంతలో దూడలు కనరాలేదు. బాలురు భయపడిరి. మీరు భోజనము విడువవలదని చెప్పి, చేతి కబళము చేతనే యుండగా తానొక్కడే వెదుక లేచెను. నడుమ కూర్చున్నవాడు ముందుగా లేచిన పంక్తి అది! మా నాయకులిరువురకు నేనీ కథ పాఠముగా చెప్పియే యుంటిని. ఆట వేళ జ్ఞప్తికి తేలేదు.

మఱుసటి యేడు పక్షములను చీటీలు తీసి నిర్ణయించితిమి. ఓడిన పక్షము గెలిచినవారికి వడ్డించి, పిదప తాము భుజింపవలెనని నియమము పెట్టితిమి. పెద్ద పిల్లలు కొంత గొణిగిరి. అయినను ఎనిమిదవ తరగతి మల్లుడొకడు ఓడి, నడుము వంచి చిన్నవారికి చారు పోయుచుండగా, వారు "ఇంకను పోయుమన్నా" అని వానిని ఆటపట్టించిరి. వాడును నవ్వెను.

చెప్పుల వద్ద కూర్చున్న బాలుడు అప్పటికి మా బడిలో లేడు. తండ్రికి బదిలీయై వారు వేఱొక ఊరికి పోయినారు.