ఓటు వాళ్లది, పూచీ ఎవరిది?

2024 నవంబరు 6న నేను కనిగిరిలో ఉన్నాను. దీపావళికని వచ్చి, ఇంకో వారం ఇంటి నుంచే పని చేసుకుంటున్నాను. టీవీలో తణుకు దగ్గరి వడ్లూరుని చూపిస్తున్నారు. ఉషా చిలుకూరి వాన్స్ పూర్వీకుల ఊరు కాబట్టి అక్కడ సంబరాలు. "మన పిల్ల మొగుడు ఉపాధ్యక్షుడంట" అని నాన్న కూడా కాస్త మురిసిపోయాడు. ఆ సాయంత్రం ఆఫీసు మీటింగులో మా టీములోని లిథువేనియా అతను ముభావంగా ఉన్నాడు. నేను వీసాల మీద ఏదో జోకేశాను. "మీకు వీసాతో సమస్య, మాకు సరిహద్దుతో" అన్నాడు. నాకేం చెప్పాలో తోచలేదు.

వాళ్ల దేశానికి ఒకపక్క బెలారస్, ఇంకోపక్క రష్యాకి చెందిన కలినిన్‌గ్రాడ్. 2004లో నాటోలో చేరారు. సభ్యుల్లో ఒకరి మీద దాడి జరిగితే అందరి మీదా జరిగినట్టే అంటుంది నాటో ఒప్పందంలోని 5వ అధికరణం. కానీ ఆ దాడికి బదులుగా ఏం చెయ్యాలన్నది ఒక్కో దేశం తనకు అవసరమనిపించినదాన్ని బట్టి తేల్చుకోవచ్చు. సైన్యాన్ని పంపి తీరాలని అందులో లేదు. అంటే ఆ కాగితానికి బలం అమెరికా వస్తుందన్న నమ్మకమే. శత్రువు ఆగేదీ ఆ నమ్మకాన్ని చూసే. రక్షణకి తగినంత ఖర్చు పెట్టని దేశాలను రష్యా ఏం చేసుకున్నా ఫరవాలేదన్నట్టు 2024 ఫిబ్రవరిలో ట్రంప్ ఒక ప్రచారసభలో మాట్లాడాడు. ఒప్పందంలో అక్షరం కూడా మారలేదు. 2023 డిసెంబరులో వచ్చిన చట్టం ప్రకారం కాంగ్రెస్ ఆమోదం లేకుండా అధ్యక్షుడు నాటో నుంచి బయటకి రాలేడు కూడా. అయినా విల్నియస్‌లో ఒక మనిషికి నిద్ర పట్టలేదు. చట్టం ఒప్పందాన్ని కాపాడుతుంది గానీ నమ్మకాన్ని కాపాడలేదు కదా.

ఇక్కడే నాకొక ధర్మసందేహం. ఒక ప్రభుత్వం ఇచ్చిన మాట తర్వాతి ప్రభుత్వాన్ని కట్టేస్తుందా? కట్టేస్తే, ఇక ఓటెందుకు? పెన్సిల్వేనియాలో ఓ కార్మికుడు "నా పన్నులతో యూరప్‌కి కాపలా ఏంటి?" అంటే అది తప్పు ప్రశ్న కాదు. రక్షణకి జీడీపీలో 2 శాతం పెట్టాలని నాటో దేశాలు 2014లో అనుకునేనాటికి, అంత పెడుతున్నవి మూడే.

ఈ ప్రశ్నకి జవాబు వెతకడానికి నేను అమెరికా దాకా వెళ్లనక్కర్లేదు. తుళ్లూరు వైపు మా మేనమామ 2015లో రాజధాని కోసం రెండెకరాల మెట్ట ఇచ్చాడు. ఎకరానికి వెయ్యి గజాల ఇంటి స్థలం, 250 గజాల వాణిజ్య స్థలం, ఏటా కౌలు అన్నారు. అలా వచ్చిన భూమి 33 వేల ఎకరాల పైచిలుకు. 2019లో ప్రభుత్వం మారింది. ఆ డిసెంబరులో మూడు రాజధానుల మాట వచ్చింది. 2022 మార్చిలో హైకోర్టు రైతుల పక్షాన తీర్పిచ్చింది. 2024లో మళ్లీ ప్రభుత్వం మారాక అమరావతి మళ్లీ రాజధాని అయింది. "మనకి ఓటన్నా ఉంది" అంటాడు మామయ్య. లిథువేనియా అతనికి అదీ లేదు.

ఉక్రెయిన్‌ది మరీ దారుణం. 1994 డిసెంబరు 5న బుడాపెస్ట్‌లో అమెరికా, బ్రిటన్, రష్యా దాని సరిహద్దులను గౌరవిస్తామని సంతకాలు పెట్టాయి. ప్రపంచంలో మూడో పెద్ద అణ్వాయుధ నిల్వను ఉక్రెయిన్ వదిలేసుకుంది. వాటి మీటలు మాస్కో చేతిలోనే ఉండేవన్నది నిజమే, కానీ వదులుకున్నదీ నిజమే. 2014లో ఆ మాట తప్పింది రష్యా. అమెరికా రాసిచ్చింది భరోసా మాత్రమే, సైన్యంతో వస్తామన్న హామీ కాదు. 2025 మార్చిలో ఆయుధాల సాయాన్నీ, గూఢచార సమాచారాన్నీ కొద్దిరోజులు ఆపి మళ్లీ ఇచ్చింది. ఆ కొద్దిరోజులూ కీవ్‌లో ఉన్నవాళ్లకి ఎలా గడిచి ఉంటాయి?

అందుకని విధానం వేరు, మాట వేరు అని నాకు అనిపిస్తుంది. విధానాన్ని ఓటుతో మార్చుకోవచ్చు. కానీ ఒక మాటను నమ్మి అవతలివాడు తిరిగి తెచ్చుకోలేనిది వదులుకున్నాడంటే, అక్కడి నుంచి అది అప్పు. నాన్నని అడిగితే ప్రోనోటు లెక్క చెప్పాడు. "తండ్రి రాసిన నోటుకి కొడుకు పూచీ కాదనుకో. కానీ తండ్రి పొలం పంచుకున్నాడా, ఆ పొలం మేరకి తీర్చాల్సిందే." అమెరికా ఆ పొలం పంట తిన్నది. 5వ అధికరణాన్ని ఇంతవరకూ ఒక్కసారే వాడారు, అదీ 2001 సెప్టెంబరు 11 దాడుల తర్వాత, అమెరికా కోసం. ఆఫ్ఘనిస్తాన్‌లో లిథువేనియా సైనికులూ పనిచేశారు.

దీనర్థం యూరప్ ఎప్పటికీ ఇంకొకరి కాపలాలో పడుకోవచ్చని కాదు. ముందుగా చెప్పి, అవతలివాడు నిలదొక్కుకునేదాకా ఆగి, అప్పుడు తప్పుకోవచ్చు. మా వృత్తిలో పాత సాఫ్ట్‌వేర్ ఆపేయాలంటే, దాన్ని వాడేవాళ్లకి గడువిస్తాం. దేశాలకి ఆపాటి మర్యాద ఉండొద్దా? 2025 ఫిబ్రవరిలో మ్యూనిక్‌లో మన వడ్లూరు అల్లుడు యూరప్‌కి అసలు ప్రమాదం బయటనుంచి కాదు, లోపలనుంచే అన్నాడు. ఆ జూన్‌లో హేగ్‌లో నాటో దేశాలు 2035కల్లా 5 శాతం ఖర్చు పెడతామన్నాయి. ట్రంప్ ఒత్తిడి పనిచేసిందని అనొచ్చు, ఒప్పుకుంటాను. కానీ భయపడి ఖర్చుపెట్టేవాడు ఆయుధాలు కొంటాడేగానీ, ఇంకొకరి మాట మీద ఆయుధం దించడు. అణ్వాయుధాలు వదులుకోమని రేపు ఏ దేశాన్ని అడిగినా, ఉక్రెయిన్‌ని చూపిస్తుంది.

2025లో అమరావతికి రెండో విడత భూసమీకరణ అన్నప్పుడు మామయ్యకి ఫోన్ చేశాను. పక్క ఊళ్లవాళ్లు సలహా కోసం ఆయన దగ్గరికి వస్తున్నారట. ఏం చెప్తున్నావని అడిగాను.

"ఇవ్వొద్దని చెప్పట్లేదు అల్లుడూ. ఈ సంతకం పెట్టినాయన ఓడిపోతే ఏందని అడిగి, అప్పుడు ఇమ్మంటున్నా" అన్నాడు.