గ్రేడు వేసే ముందు పాట వినండి

అమ్మాయీ,

వచ్చే ఏడాది మీ స్కూల్లో సంగీతం, నాట్యం, చిత్రలేఖనం కూడా లెక్కలు, సైన్సులాగే సబ్జెక్టులుగా పెట్టాలా వద్దా అని కమిటీ కూర్చుంటోందనీ, నా మాట ఏమిటనీ అడిగావు. పెట్టమనే అంటాను. ఎలా పెడతారన్న దగ్గరే నా పేచీ.

మన శ్రీనగర్ కాలనీ పిల్లలకు కళలకేం కొదవ? నిగమాగమం హాల్లో కచేరీలు, నాట్య ప్రదర్శనలు. రెండు వీధులు తిరిగితే ఒక డ్యాన్సు క్లాసు. తొమ్మిదో తరగతి రాగానే గజ్జెలు అటకెక్కి ఐఐటీ ఫౌండేషన్ మొదలవుతుంది, అది వేరే సంగతి. ఎల్లారెడ్డిగూడ నుంచి నడిచొచ్చే పిల్లల మాటేమిటి? అపార్ట్‌మెంటు వాచ్‌మన్ కూతురికి సంగీతం ట్యూషను ఎవరు పెట్టిస్తారమ్మా? ఆ పిల్లకు సరళీ స్వరాలు వినబడే చోటు బడి ఒక్కటే. నేను పెట్టమనేది ముందు ఆ పిల్ల కోసం.

కళ గురువు దగ్గర నేర్చేదే గానీ బళ్లో చెప్పేది కాదని మీ కమిటీలో ఎవరో అన్నారట. విజయనగరం సంగతి చెప్పు వారికి. అక్కడ 1919లో సంగీత కళాశాల పెట్టి, ఆదిభట్ల నారాయణదాసు గారిని ప్రిన్సిపాల్‌గా కూర్చోబెట్టారు. ద్వారం వెంకటస్వామి నాయుడు గారు విద్యార్థిగా చేరదామని వెళ్తే, ఆయన ఫిడేలు విన్నవాళ్లు ఏకంగా అధ్యాపకుణ్ణే చేశారు. 1936లో ఆయనే ప్రిన్సిపాల్ అయ్యారు. ఆ ఎంపికలో కాయితం ఊసే లేదు చూడు. వాయించమన్నారు, విన్నారు, అంతే.

అలాగని పుస్తకం వద్దనను. పేరిణి నాట్యం నేర్చుకోవడానికి నటరాజ రామకృష్ణ గారికి గురువెవరు దొరుకుతారు? కాకతీయులతోనే ఆ నాట్యం మరుగున పడింది. గణపతిదేవుడి గజసేనాని జాయప సంస్కృతంలో రాసిన ‘నృత్త రత్నావళి’నీ, రామప్ప గుడి శిల్పాలనూ ముందు పెట్టుకుని ఆయన దానికి మళ్లీ ప్రాణం పోశారు. కాళ్లూ చేతులూ మాత్రమే వచ్చినవాడి వల్ల అయ్యే పని కాదది. కాబట్టి పై తరగతుల్లో కళల చరిత్ర, శాస్త్రం కూడా చెప్పండి.

నా భయమల్లా ఒకటే. మన చేతిలో పడ్డ ఏ సబ్జెక్టయినా బిట్ పేపరైపోతుంది. ‘సప్తస్వరాల పేర్లు రాయుము’ అని రెండు మార్కుల ప్రశ్న, దానికో గైడు, ఆపైన ట్యూషను. ఏడాది పొడుగునా గొంతు విప్పని పిల్లకు సంగీతంలో ఏ-వన్ వస్తుంది! ఇప్పుడు మాత్రం? మన ప్రోగ్రెస్ రిపోర్టుల్లో కళలకో గడి ఉంది; పీరియడు జరగకుండానే అందులో గ్రేడు పడే బళ్లకు లోటు లేదు. 2020 జాతీయ విద్యా విధానం కళలకూ శాస్త్రాలకూ మధ్య గట్టి గోడలు వద్దంది. టైంటేబుల్లో గోడ మాత్రం అలాగే ఉంది.

పరీక్ష తప్పదంటే రాతపరీక్ష పెట్టకండి. జూన్‌లో పాడినదీ ఏప్రిల్‌లో పాడినదీ ఫోనులో రికార్డు చేసి, పక్కపక్కన పెట్టి వినండి. ర్యాంకులొద్దు. నిజంగా పాడగలిగిన, గీయగలిగిన టీచర్లను పెట్టి, లెక్కల మాస్టారితో సమానంగా జీతమివ్వండి. వార్షికోత్సవానికి సినిమా పాటకు నెల్లాళ్లు గంతులేయించి అదే కళావిద్య అనుకోవద్దు. (సినిమా పాట మీద నాకేం కోపం లేదు, ఘంటసాల గారూ విజయనగరం కాలేజీలో చదివినవారే.) విహారయాత్రకు ఈసారి వాటర్ పార్కు మాని రామప్పకు తీసుకెళ్లు.

జనవరి వచ్చేసరికి టెన్త్ రివిజన్ పేరు చెప్పి ఈ పీరియడ్లు లాక్కోవడానికి లెక్కల వాళ్లూ సైన్సు వాళ్లూ నీ గది ముందు నిలబడతారు. అందుకని కమిటీలో మరేది నెగ్గినా నెగ్గకపోయినా, వారానికి రెండు పీరియడ్లు ఏడాది చివరిదాకా ఎవరికీ ఇవ్వమన్న మాట మినిట్సులో రాయించి, అందరి చేతా సంతకాలు పెట్టించు.

ఆశీస్సులతో,
మామయ్య